బొడ్డుతాడు బిడ్డది, సూది పోటు అమ్మకి!

అబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్, నాంపల్లి దాటి రెడ్‌హిల్స్ వైపు వెళ్తే నిలోఫర్ ఆస్పత్రి వస్తుంది. మార్కెట్‌కి పేరు నిజాం కొడుకు మొజంజాది, ఆస్పత్రికి పేరు ఆయన బేగం నిలోఫర్‌ది. తన పరిచారిక కాన్పులో చనిపోతే, ఇంకే తల్లికీ ఆ గతి పట్టకూడదని ఆమె పట్టుబట్టారు. ఆస్పత్రి 1953లో మొదలైంది.

ఆ రోజుల్లో బొడ్డుతాడు నెత్తురు మాయతో పాటే చెత్తలోకి పోయేది. దాని విలువ 1988లో పారిస్‌లో తేలింది. ఫాంకోనీ రక్తహీనత ఉన్న ఐదేళ్ల అమెరికా బాబుకి, చెల్లెలి బొడ్డుతాడు రక్తాన్ని డాక్టర్ ఎలియాన్ గ్లూక్‌మన్ బృందం ఎక్కించింది. బాబు బతికాడు.

ఇప్పుడు ఆ రక్తాన్ని బ్యాగుల్లో నింపి బ్యాంకుల్లో దాస్తున్నారు. దానం బిడ్డదే అయినా, వైరస్ పరీక్షలకి ముందుగా చెయ్యి చాపాల్సింది బాలింత. బొడ్డుతాడులో దొరికేదే 50 నుంచి 150 మిల్లీలీటర్లు. మూలకణాలున్న ఆ కాస్త రక్తాన్ని పరీక్షలకే ఖర్చు చేస్తే ఎక్కించడానికేం మిగులుతుంది? ఇంకో తిరకాసూ ఉంది. తల్లి ఒంట్లోని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకి చేరతాయి. తల్లికి హెచ్‌ఐవీ ఉంటే, బిడ్డకి సోకకపోయినా యాంటీబాడీ పరీక్ష ఏడాదిన్నర దాకా పాజిటివ్ చూపించవచ్చు.

మన దేశంలో చూడాల్సిన జాబితా: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సైటోమెగాలో వైరస్, హెచ్‌టీఎల్‌వీ. వైరస్‌లు కాకపోయినా సిఫిలిస్, మలేరియా కూడా. మలేరియా గుట్టు 1897లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే. హెపటైటిస్-బికి దేశంలో తొలి రీకాంబినెంట్ టీకా కూడా ఇక్కడిదే: 1997లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన షాన్‌వాక్-బి.

జాబితాలో తలనొప్పి సైటోమెగాలోది. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి అది ఎప్పుడో సోకి, ఒంట్లో నిద్రాణంగా ఉండిపోతుంది. పాత ఆనవాలు కనిపించిన ప్రతి బ్యాగునీ పారబోస్తే బ్యాంకు ఖాళీయే! అందుకే ఇన్ఫెక్షన్ తాజాదా కాదా అన్నది ముఖ్యం. మూలకణాలు ఎక్కించుకున్న రోగికి రోగనిరోధక శక్తి ఉండదు మరి.

యాంటీబాడీల్ని వెతికే ఎలీసా పరీక్షకి దొరకని కొత్త ఇన్ఫెక్షన్‌ని న్యాట్ అనే పరీక్ష ముందే పట్టేస్తుంది. వైరస్ జన్యుపదార్థం కాసింతే ఉన్నా లక్షల రెట్లు పెంచి చూపుతుంది. నాంపల్లి గృహకల్పలో ఏళ్ల తరబడి నడిచిన సీడీఎఫ్‌డీ పరిశోధన కేంద్రంలో డీఎన్‌ఏ వేలిముద్రలు తీయడానికి వాడిన పీసీఆర్ కూడా ఇదే కోవలోది.

దాతలు ఇచ్చిన బ్యాగు ఎవరో పరాయివాళ్లకి వెళ్తుంది కాబట్టే ఇంత తనిఖీ. సొంత బిడ్డ కోసమే డబ్బు కట్టి దాచుకోవడాన్ని ఐసీఎంఆర్ సిఫారసు చేయదు. ప్రకటనల్లో మాత్రం ఈ ముక్క కనిపించదు!

బ్యాగుల్ని దాచే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఏ వైరస్ బతుకుతుందిలే అనుకుంటాం. కానీ లండన్‌లో అలాంటి ట్యాంకులో చిరిగిన బ్యాగు నుంచి హెపటైటిస్-బి పక్క బ్యాగులకి పాకి, రోగులకి అంటుకుంది. 1995లో లాన్సెట్ పత్రిక ఆ సంగతి బయటపెట్టాక బ్యాగు మీద మరో తొడుగు వేయడం, ఫలితాలు వచ్చేదాకా బ్యాగుల్ని వేరే ట్యాంకులో ఉంచడం మామూలైంది.