పండుగ పిండివంటలు – మితాహారం

పండుగ రోజుల్లో మితాహారం అనగానే మీకు ఆనాటి విస్తరి గుర్తుకు రావచ్చు. ఈ భాగంలో మనం పరిశీలించేది విస్తరిని కాదు, పండుగ వెళ్ళాక కూడా వంటింట్లో మిగిలి ఉండే పిండివంటల డబ్బాను. భోగి, సంక్రాంతి, కనుమ కలిపి మూడు రోజులు. అరిసెలు, సకినాలు, జంతికలు మాత్రం పండుగకు వారం ముందే మొదలై నెలాఖరు దాకా నడుస్తాయి.

ముందుగా అరిసె లెక్క చూద్దాం. 1 కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం పాకం పట్టారనీ, వేగేటప్పుడు పిండి 300 గ్రాముల నూనె పీల్చుకుందనీ, 60 అరిసెలు వచ్చాయనీ అనుకోండి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350, బెల్లంలో సుమారు 380 కిలోకేలరీల శక్తి ఉంటుంది. నూనెలో ఒక్క గ్రాముకే 9. అంటే బియ్యం నుంచి 3,500, బెల్లం నుంచి 2,850, నూనె నుంచి 2,700, మొత్తం 9,050. ఒక్కొక్క అరిసెకు సుమారు 150 కిలోకేలరీలు. మీ ఇంటి అంకెను మీరే తేల్చుకోవచ్చు. బాణలిలో పోసే ముందు నూనెను తూచండి, చల్లారాక మిగిలినదాన్ని మళ్ళీ తూచండి. అరిసెల చెక్కలతో ఒత్తగా కారిన నూనెను కూడా మిగిలినదానిలో కలపడం మరవకండి.

150 కిలోకేలరీలంటే రెండు చిన్న పుల్కాలతో సమానం. పుల్కా తింటే భోజనం చేశామంటాం. టీతో పాటు అరిసె తింటే ఏమీ తిననట్టే లెక్క. చిక్కంతా ఇక్కడే ఉంది.

బెల్లం సంగతి కూడా చూడాలి. ఆహారంలో అదనంగా కలిపే చక్కెరల నుంచి వచ్చే శక్తి, రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలనీ, 5 శాతం లోపు ఉంటే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2,000 కిలోకేలరీలు తీసుకునే వ్యక్తికి 5 శాతం అంటే 25 గ్రాములు. మన లెక్కలో రెండు అరిసెల బెల్లం సరిగ్గా అంతే. బెల్లం పంచదార కాదు కదా అని మీరు అడగవచ్చు. అందులో కొద్దిగా ఖనిజ లవణాలున్న మాట నిజం. మిగిలినదంతా దాదాపు పంచదారే. సకినాల్లో తీపి లేదు, కాని నూనె, ఉప్పు ఉన్నాయి.

పూర్వం కూడా ఇవే వంటలు తిన్నారు. అయితే అవి కొత్త బియ్యం ఇంటికి చేరాక, ఏడాదికోసారి, పదిమంది ఉన్న ఇంటికోసం, ఒళ్ళువంచి పనిచేసేవారికోసం చేసినవి. ఇప్పుడు ఇంట్లో నలుగురే ఉంటారు; కొలత మాత్రం అత్తగారి నాటిదే. 60 అరిసెలను నలుగురూ పూర్తి చేస్తే తలకు 15, అంటే 2,250 కిలోకేలరీలు. అది రోజువారీ భోజనానికి అదనం. పైగా ఆ నలుగురూ సమానంగా తినరు. పారేయడానికి మనసొప్పక చివరి ముక్కల దాకా తినేది సాధారణంగా ఇల్లాలే. కాబట్టి కొలత తగ్గించడం, ఇరుగుపొరుగుకు పంచడం నోరు కట్టుకోవడం కంటే తేలిక. పండుగనాడు అరిసె ముట్టవద్దనడం నా దృష్టిలో అనవసరమైన కాఠిన్యం.

ఈ కొద్దిపాటి అదనం లెక్కలోకి వస్తుందా? అమెరికాలో పెద్దవారిపై జరిపి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నవంబరు చివరి నుంచి కొత్త సంవత్సరం దాకా సాగే పండుగల కాలంలో సగటున పెరిగిన బరువు 0.37 కిలో మాత్రమే. కాని ఆ తరువాతి నెలల్లో అది తగ్గలేదు. ఏటా అలా చేరుతూ పోతే పదేళ్ళకు ఎంతవుతుందో మీరే ఊహించవచ్చు.

విస్తరి గురించి ఒక్క మాట. ఒకే రుచిని తింటూ ఉంటే దానిపై ఇష్టం తగ్గుతుంది, మరో రుచి రాగానే ఆకలి మళ్ళీ లేస్తుంది. పులిహోరతో నిండిన కడుపులో బూరెకు చోటు దొరకడానికి కారణం ఇదే. రకాలు తగ్గితే తినేదీ తగ్గుతుంది.

మధుమేహం ఉన్నవారి విషయంలో ప్రమాదం రెండు వైపులా ఉంటుంది. తీపి ఎక్కువైతే రక్తంలో గ్లూకోజు పెరుగుతుందని అందరికీ తెలుసు. విందు ఉందని ఉదయం ఫలహారం మానేసి, ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్ర మాత్రం వేసుకుంటే, పూజ ముగిసి విస్తరి వేసేలోపే గ్లూకోజు పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, తికమక దీని లక్షణాలు. అప్పుడు చేతికందిన అరిసె పెట్టవద్దు. అందులోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలో చేరనివ్వదు. మూడు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పూజ ఆలస్యమయ్యే ఇళ్ళలో ఇలాంటి వారికి వేళకు రెండు ఇడ్లీలు ముందుగా పెట్టి, మందుల వేళలను పండుగకు ముందే వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.