పేరుకు స్కాలర్‌షిప్... షరతు తప్పితే అప్పు!

స్కాలర్‌షిప్ వచ్చిందంటే ఇంట్లో అందరం సంబరపడిపోతాం. తిరిగి కట్టక్కర్లేని డబ్బు కదా! కానీ అన్ని స్కాలర్‌షిప్‌లూ అలా ఉండవు. కొన్నింటిలో అవార్డు లెటర్ చివర ఒక షరతు ఉంటుంది. అది నెరవేరిస్తే డబ్బు మీది, లేదంటే అదే డబ్బు మీ పేరు మీద అప్పుగా మారిపోతుంది. అమెరికాలో ఈ పద్ధతి ఉంది. 'ప్రభుత్వ సొమ్ముతో చదివి బయటికెళ్లిపోతున్నారు, వాళ్లతో తిరిగి కట్టించండి' అనే మాట మన దగ్గరా వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి అక్కడ ఏం జరిగిందో చూద్దాం.

న్యూయార్క్: ఇక్కడే ఉండాలి

న్యూయార్క్ రాష్ట్రం 2017లో 'ఎక్సెల్సియర్ స్కాలర్‌షిప్' తెచ్చింది. అప్పటి గవర్నర్ ఆండ్రూ క్యూమో దీన్ని ఉచిత కాలేజీ చదువుగా ప్రచారం చేశారు. సునీ, క్యూనీ అనే ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదివే స్థానిక విద్యార్థులకు, కుటుంబ ఆదాయం పరిమితిలో ఉంటే, మిగతా సాయాలు పోగా మిగిలిన ట్యూషన్ ఫీజు ఇస్తారు. ఆ పరిమితి మొదట లక్ష డాలర్లు, 2019 నాటికి 1.25 లక్షలు. ఏటా 30 క్రెడిట్లు పూర్తి చేయాలి.

అసలు మెలిక డిగ్రీ అయ్యాక మొదలవుతుంది. ఎన్నేళ్లు ఈ సాయం తీసుకున్నారో అన్నేళ్లు న్యూయార్క్‌లోనే నివసించాలి, ఉద్యోగం చేస్తే అక్కడే చేయాలి. నది దాటి న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరినా షరతు తప్పినట్టే. అప్పుడు ఆ మొత్తం వడ్డీ లేని అప్పుగా మారుతుంది. పై చదువులు, సైనిక సేవ లాంటి వాటికి మాత్రం వెసులుబాటు ఉంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇవే రూల్స్.

టీచ్ గ్రాంట్: కాగితం తప్పితే కథ మారింది

రెండోది ఫెడరల్ ప్రభుత్వ 'టీచ్ గ్రాంట్'. టీచర్ కావాలనుకునేవారికి ఏడాదికి 4,000 డాలర్ల వరకు ఇస్తారు. ప్రతిఫలంగా, చదువు అయిన 8 ఏళ్లలో కనీసం 4 ఏళ్లు పేద పిల్లలు చదివే బడిలో, టీచర్ల కొరత ఉన్న సబ్జెక్టు చెప్పాలి. లేదంటే గ్రాంటు మొత్తం అప్పుగా మారుతుంది. వడ్డీ కూడా డబ్బు చేతికి అందిన రోజు నుంచే లెక్కేస్తారు.

ఇక్కడ ఇబ్బంది పడింది మాట తప్పినవాళ్లే కాదు. బడిలో పాఠాలు చెబుతూనే, ఏటా పంపాల్సిన ధ్రువీకరణ పత్రం ఆలస్యమైందనో, సంతకమో తేదీయో లేదనో వేలమంది గ్రాంట్లు అప్పులైపోయాయి. 2018లో ఎన్‌పీఆర్ రేడియో దీన్ని బయటపెట్టాక, ఆ ఏడాది చివర్లో అమెరికా విద్యాశాఖ తప్పు దిద్దుకునే ఏర్పాటు ప్రకటించింది. తర్వాత నిబంధనలూ సడలించారు.

మన దగ్గర పెడితే?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, చదువు అయ్యాక ఫలానా చోటే పనిచేయాలన్న షరతు లేదు. దీన్ని 'ఇక్కడే పనిచేస్తే మాఫీ, వెళ్లిపోతే వసూలు' అనే అప్పుగా మార్చితే బాగుంటుందా? వినడానికి న్యాయంగానే ఉంటుంది. ప్రజల పన్నుల డబ్బు కదా, ప్రజలకే ఉపయోగపడాలి అనడంలో తప్పేమీ లేదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. టీచర్ ఖాళీ ఉన్న ఊళ్లో టీచర్‌ను ఉండమనడం వేరు. శ్రీకాకుళంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన కుర్రాడికి పుణెలోనో చెన్నైలోనో మాత్రమే ఆఫర్ వచ్చినప్పుడు 'కదిలితే అప్పు కట్టు' అనడం వేరు. మొదటిదాంట్లో పని చూపించి ఉండమంటున్నాం. రెండోదాంట్లో పని లేకపోయినా ఉండమంటున్నాం. పైగా సొంతంగా ఫీజు కట్టుకున్న క్లాస్‌మేట్ ఎక్కడికైనా వెళ్లొచ్చు, కట్టుకోలేనివాడికే సంకెళ్లు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కే పిల్లలున్న కుటుంబాలైతే 'అప్పు' అన్న మాటకే వెనకడుగు వేస్తాయి. తర్వాత మాఫీ అవుతుందన్నా నమ్మకం కుదరదు.

అందుకే నా మాట ఇది. షరతు పెట్టాలనుకుంటే, ముందు ప్రభుత్వమే ఉద్యోగం చూపించాలి. చూపించలేకపోతే మాఫీ దానంతటదే జరగాలి. చేసిన సేవకు తగ్గట్టు ఏటా కొంత తగ్గించాలి. పనిచేస్తున్నామని నిరూపించే భారం విద్యార్థి మీద కాకుండా, ప్రభుత్వ రికార్డుల మీదే ఉండాలి. ఇవేవీ లేకపోతే అది స్కాలర్‌షిప్ కాదు, తేదీ వేయని ప్రామిసరీ నోటు.

సంతకానికి ముందు ఈ అయిదూ అడగండి

1. షరతు తప్పితే ఈ డబ్బు అప్పుగా మారుతుందా? వడ్డీ ఉందా? ఉంటే ఏ రోజు నుంచి?

2. ఎన్నేళ్లు, ఎక్కడ, ఏ పని చేయాలి? ఎన్నేళ్లలోపు పూర్తి చేయాలి?

3. సగం కాలం చేసి మానేస్తే సగమే కట్టాలా, మొత్తమా?

4. పై చదువు, అనారోగ్యం, ఉద్యోగం దొరక్కపోవడం... వీటికి మినహాయింపు ఉందా?

5. ఏటా ఏ కాగితం, ఎవరికి, ఏ తేదీలోగా పంపాలి?

జవాబులు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోండి. పంపిన ప్రతి కాగితానికీ స్కాన్ కాపీ, అందినట్టు రసీదు దాచుకోండి. ఈ జాగ్రత్త సర్వీస్ బాండ్ ఉన్న సీటుకైనా, కంపెనీ ట్రైనింగ్ బాండ్‌కైనా వర్తిస్తుంది. చదువు నాలుగేళ్లలో అయిపోతుంది. ఆ సంతకం మాత్రం ఆ తర్వాతా మీ వెంటే వస్తుంది.