కొండల్లో నీలం చుక్క

పోయిన వేసవిలో మాంటానా నించి కెనడాకి కార్లో వెళ్ళాం. గ్లేసియర్ పార్కు, వాటర్టన్ చూసుకుని బాన్ఫ్ మీదుగా జాస్పర్‌కి. లేక్ లూయీస్ దాటాక సిగ్నల్ పోయింది. ఫోన్లో నీలం చుక్క కదులుతూనే వుంది గానీ, దాని కింద రోడ్డే లేదు! "గ్యాస్ ఎంతుందండీ?" అంది మా ఆవిడ.

జీపీఎస్‌కి సెల్ టవర్లతో పనిలేదు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంత ఆలస్యంగా అందాయో చూసి, మనమెక్కడున్నామో ఫోనే లెక్కకడుతుంది. మ్యాపు మాత్రం నెట్ నించి రావాలి. అందుకే వైఫై వున్నచోటే దింపుకోవాలి, సరిహద్దుకి రెండువైపులదీ. నేను అమెరికా వైపుది మాత్రమే దింపుకున్నాను, తెలివి!

ఇంకోటి, వాటర్టన్‌కి దగ్గరిదారైన చీఫ్ మౌంటెన్ సరిహద్దు వేసవి రోజుల్లోనే తెరుస్తారు, రాత్రిళ్ళు మూసేస్తారు. వేళలు ముందే చూసుకోండి.

లేక్ లూయీస్ నించి జాస్పర్ సుమారు 230 కిలోమీటర్లు. మధ్యలో గ్యాస్ దొరికేది సస్కాచువాన్ రివర్ క్రాసింగ్‌లోనే, అదీ చలికాలంలో వుండదు. మేం అక్కడికి చేరేసరికి ముల్లు అడుగు గీత మీద వుంది.