మామ ఆనకట్ట, అల్లుడి రైలు

భద్రాచలం దాటి గోదారి ఒడ్డునే పైకి పోతే దుమ్ముగూడెం. వేసవిలో నీళ్లు తగ్గితే ఏటికి అడ్డంగా పాత రాతికట్ట బయటపడుతుంది. పక్కనే బండరాళ్లను తప్పించి పడవలు దాటించడానికి తవ్విన కాలువ, దాని లాకులు. ‘కాటన్ దొర కాలం నాటివి’ అంటారు. ఇంజినీరు దొర సరే, ఆయన వెనక ఉన్న ప్రభువు సంగతి?

జార్జ్ హే, ఎనిమిదో మార్క్విస్ ఆఫ్ ట్వీడేల్. 1787లో పుట్టిన స్కాట్లండు ప్రభువు. నెపోలియన్ సేనలతో పోరాడి గాయపడ్డాడు, 1814లో నయాగరా సరిహద్దులో అమెరికన్లకు చిక్కాడు. ఆ తర్వాత సొంత ఎస్టేటు యెస్టర్‌లో సేద్యం పట్టాడు. పొలంలో నిలిచిన నీటిని బయటికి పంపే మట్టిపెంకుల తయారీకి యంత్రమే కనిపెట్టాడు. నీటి మర్యాద తెలిసిన ఇలాంటివాడు 1842లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు.

అప్పటికి రాజమండ్రి జిల్లా కరువుకు కుదేలైంది. 1821లో 7.38 లక్షలున్న జనం 1841 నాటికి 5.61 లక్షలయ్యారు. కారణాలు తేల్చమని మాంట్‌గొమరీ అనే అధికారిని పంపారు. సాగునీరే దారి అన్నాడాయన. 1844లో కాటన్ ఆనకట్ట ప్రతిపాదన పెట్టాడు. 1846లో లండన్ ఒప్పుకుంది, మరుసటేడు ధవళేశ్వరంలో పని మొదలైంది. 1848లో ట్వీడేల్ వెళ్లిపోయాడు, 1852లో ఆనకట్ట పూర్తయింది. ఇదంతా దయాధర్మం అనుకోనక్కర్లేదు. నీళ్లొస్తే శిస్తు పెరుగుతుందన్న లెక్క ఈస్టిండియా కంపెనీకి బాగా తెలుసు. అయినా ఆ లెక్క వేయించని గవర్నర్లు అంతకుముందు ఎందరో ఉన్నారు.

ట్వీడేల్ కూతురు సుసాన్‌ను 1836లో పెళ్లాడిన స్కాట్లండు ప్రభువే డల్హౌసీ. మామ దిగిపోయిన ఏడాదే అల్లుడు గవర్నర్ జనరల్ అయ్యాడు. 1853లో నిజాం నుంచి బీరారు తీసుకున్నాడు, మరుసటేడు నాగపూర్ కలుపుకున్నాడు. అక్కడి పత్తిని గోదారి మీద పడవల్లో సముద్రానికి దించాలని కాటన్ పట్టు. దారిలో మూడు చోట్ల బండరాళ్ల అడ్డు; మొదటిది దుమ్ముగూడెం. 1860లో నిజాం భద్రాచలం వైపు ఎడమ గట్టును ఇంగ్లీషువారికి వదిలాక పనులు జోరందుకున్నాయి.

అయితే 1853లోనే దేశమంతా రైళ్లు వేయాలని పత్రం రాసినవాడు డల్హౌసీ. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి అటు మళ్లింది. 1871లో ఎగువ గోదారి పనులు ఆపేశారు. మామ హయాంలో మంజూరైన నీళ్లు డెల్టాను పచ్చగా చేశాయి. అల్లుడి రైలు ఈ అడవి ఒడ్డు పడవదారిని మింగేసింది.

నా లెక్కలో ట్వీడేల్‌కు డెల్టా రుణపడి ఉంది, ఈ ఒడ్డు కాదు. దుమ్ముగూడెం పాత కట్ట ఎగువ నుంచే ఇప్పుడు సీతారామ ఎత్తిపోతలకు నీళ్లు తీసుకుంటున్నారు. ఈసారైనా ఒడ్డునున్న కోయగూడేల పొలాలు తడిశాకే నీళ్లు ముందుకు పోవాలి.