నెత్తురునకు సరితూగు ద్రవము

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో నీరసపడినవారు వైద్యుని కోరు మొదటి కోరిక "ఒక సెలైను ఎక్కించండి" అనునదే. ఆ సీసాలో బలము కలదని మనవారి నమ్మకము. అందున్నది నీరు, ఉప్పు మాత్రమే. త్రాగగలిగినవారికి ఆ రెండును నోటి ద్వారానే అందును. కాని కొన్ని వేళలలో అట్టి సీసాయే ప్రాణము నిలుపును. ఆ వేళలను గూర్చి మేము ముచ్చటింపదలచితిమి.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారము పారిశ్రామికవాడలోని ఒక ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా మరణించిరి. పలువురు కాలిన గాయములతో ఆసుపత్రుల పాలైరి. ఒళ్లు విస్తారముగా కాలినవానికి నెత్తురు బయటికి కారకున్నను షాకు ఏల కలుగును? వేడిమికి సన్నని రక్తనాళముల గోడలు జల్లెడవలె నగును. రక్తములోని నీరు, లవణములు, మాంసకృత్తులు చుట్టునున్న కండలలోనికి ఊరిపోవును. పైకి ఒళ్లు ఉబ్బును. లోపల నాళములు వట్టిపోవును. పిదప రక్తపోటు పడిపోయి మూత్రపిండములు చెడును. మొదటి గంటలో రోగి స్పష్టముగా మాటాడుచుండవచ్చును. దానిని చూచి చుట్టునున్నవారు మోసపోవుదురు.

పోయినదానిని దేనితో పూరింపవలెను? మామూలు సెలైను లీటరునకు క్లోరైడు 154 మిల్లీమోలులు. మన రక్తరసములో సుమారు 100 మాత్రమే. ఒక సీసాకు చిక్కులేదు గాని, లీటర్లకొలది ఎక్కించినచో రక్తమున ఆమ్లత పెరుగును.

దీనికి దారి కప్ప గుండె చూపినది. 1880 తరువాత లండనులో సిడ్నీ రింగరు కప్ప గుండెలను ఉప్పునీటిలో నుంచి పరీక్షించుచుండెను. కొళాయినీటితో చేసిన ద్రావణములో గుండె చక్కగా కొట్టుకొనెను. బట్టిపట్టిన శుద్ధజలముతో చేసినదానిలో ఆగిపోయెను. కొళాయినీటిలోని కాల్షియమే ఆ భేదమునకు మూలము. 1930 దశకమున అమెరికాలో పిల్లల వైద్యుడగు అలెక్సిస్ హార్ట్‌మన్ ఆ ద్రవమునకు లాక్టేటు చేర్చెను. కాలేయము లాక్టేటును బైకార్బొనేటుగా మార్చి ఆమ్లతను తగ్గించును. రింగరు లాక్టేటు అనునది ఇదియే. దీనిలో క్లోరైడు సుమారు 110. కలరావంటి విరేచనములతో మిక్కిలి ఎండిపోయిన పెద్దలకు కూడ దీనినే కిలోబరువునకు 100 మిల్లీలీటర్ల చొప్పున మూడు గంటలలో ఎక్కింతురు.

కాలినవారి లెక్క వేరు. 60 కిలోల మనిషికి ఒంటిలో 30 శాతము కాలినదనుకొందము. నాలుగింటిని బరువుతోను, కాలిన శాతముతోను హెచ్చవేసినచో 7,200 మిల్లీలీటర్లు వచ్చును. అందు సగము మొదటి 8 గంటలలో, తక్కినది తరువాతి 16 గంటలలో పోవలెను. ఆ 8 గంటలు ఆసుపత్రి గడప త్రొక్కినప్పటినుండి కాదు, కాలిన క్షణమునుండి ఎంచవలెను! హైదరాబాదు చేరులోగా ముంబాయి రహదారిపై రెండు గంటలు గడచినచో, 3,600 మిల్లీలీటర్లకు మిగిలినది ఆరు గంటలే. కావున ప్రమాదము జరిగిన వేళను చీటీపై వ్రాసి రోగితో పంపుట ఎంతయో మేలు.

ఈ లెక్క ఆరంభమునకు మాత్రమే. కొందరు వైద్యులు ఇందు సగముతోనే మొదలిడుదురు. ద్రవము మితిమీరినచో ఊపిరితిత్తులలో నీరు చేరును. అందుచే గంటగంటకు మూత్రము కొలిచి ధారను హెచ్చింతురు, తగ్గింతురు. పైని చెప్పిన మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల మూత్రము వచ్చుచున్నచో ధార సరిగా నున్నట్లే.