పసినాటి అతిసారము – పెద్దనాటి ప్రేవు: అపోహలు, వాస్తవములు

పళ్ళు వచ్చునపుడు బిడ్డకు విరేచనములగుట సహజమనియు, అందుకు వైద్యమక్కరలేదనియు మన యిండ్లలో తరతరములుగా పాతుకొనిపోయిన నమ్మకము. పన్ను మొలచునపుడు చిగుళ్ళు నొచ్చును, చొంగ కారును, బిడ్డ చిరచిరలాడును. అతిసారము మాత్రము దానివలన కలుగదు. ఆ యీడుననే బిడ్డ నేలపై ప్రాకుచు చేతికందినదెల్ల నోట పెట్టుకొనును, తల్లిపాలతోపాటు పైయాహారము మొదలగును, గర్భమున తల్లినుండి పొందిన రక్షణయు తరిగిపోవుచుండును. కావున సూక్ష్మక్రిములు లోనికి చేరుటయు పన్ను మొలచుటయు ఏకకాలమున జరుగుచుండగా, నేరము పంటిమీద పడుచున్నది.

విరేచనములు కట్టినవి గనుక ఇక భయము లేదనుట మరియొక అపోహ. శిశువు ప్రేవు పెద్దవాని ప్రేవునకు చిన్న నమూనా కాదు. ఆహారమును ముందునకు నెట్టు కండరపు పొరల నడుమ అల్లుకొన్న నాడీజాలము జననానంతరమును కొంతకాలము పెరుగుచు, పొందికపడుచునే యుండును. ఆ నిర్మాణదశలో శోథము తగిలినచో, పైపొర మానినను లోపలి యమరిక మారియుండవచ్చును. టెక్సాస్ రాష్ట్రములోని గాల్వెస్టన్‌లో పరిశోధకులు పదిదినముల ఎలుకపిల్లల పెద్దప్రేవున రసాయనముచే శోథము కలిగించి, 6 నుండి 8 వారములకు అవి పెద్దవైన పిమ్మట కండరమును పరీక్షింపగా, సుమారు సగము ఎలుకలలో కాల్షియమును కణములోనికి విడుచు ద్వారములు మితిమీరి యుండెను. కాల్షియము హెచ్చిన కొలది కండరము గట్టిగా ముడుచుకొనును. ఆ ద్వారములను నిర్మించు జన్యువు లిపి మారలేదు, ఆ జన్యువును అణచియుంచవలసిన మాంసకృత్తు మాత్రము విడివడి, మునుపటివలె చేరకపోయెను. 2013లో వెలువడిన యీ ఫలితము నాకు మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది. ఏలయన, కంటికి గాయము కనబడని చోట వ్యాధి యెట్లు నిలిచియుండగలదో అది చూపుచున్నది.

ఎండోస్కోపీలోను స్కానింగులోను ఏమియు కనబడలేదు గనుక రోగి బాధ మనోభ్రమయే యని తేల్చివేయుట ఎంత అన్యాయమో ఇందువలన తెలియును. కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రములోని వాకర్టన్ అను చిన్నపట్టణమున, 2000 మే మాసపు భారీవర్షములకు పశువుల పేడ మంచినీటి బావిలో కలియగా, సుమారు 2,300 మంది జబ్బుపడిరి, ఏడుగురు మరణించిరి. తరువాతి సంవత్సరములలో అచ్చటి పిల్లలను పరిశీలింపగా, నాడు అతిసారము సోకినవారిలో నూటికి 10.5 మందికిని, సోకనివారిలో 2.5 మందికిని కడుపునొప్పితో మలవిసర్జన క్రమము తప్పు ఐ.బి.ఎస్. వ్యాధి కనబడెను. ఆ పిల్లల బాధను భ్రమ యనువారు ఈ యంకెల భేదమునకు కారణము చెప్పవలసియుండును.

ఐనను ఆ లెక్కయే మరియొక భయమును తొలగించుచున్నది: అతిసారము సోకిన పిల్లలలో నూటికి దాదాపు తొంబదిమందికి ఆ వ్యాధి రాలేదు. కావున పసితనమున జబ్బుచేసిన ప్రతిబిడ్డయు జీవితాంతము బాధపడునని తల్లిదండ్రులు కుములనక్కరలేదు.

ఇక ఆముదము పట్టించి కడుపు శుభ్రపరచు అలవాటు. ఆముదము ప్రేవును బలవంతముగా ముడుచుకొనజేయును. విరేచనములతో నీరసించిన శిశువునకు అది హానికరము. లంఖణము పరమౌషధమను సామెతయు ఇచ్చట చెల్లదు. తల్లిపాలు మానక, ఓ.ఆర్.ఎస్. ద్రవమును కొంచెముకొంచెముగా త్రాగించుచు, వైద్యుని సలహాపై జింకును 14 దినములు ఇయ్యవలెను. జబ్బు సోకకముందే రోటావైరస్ వలని తీవ్రమైన అతిసారమును అడ్డుకొనుటకు 6, 10, 14 వారముల వయస్సున వేయు టీకా కలదు. 2016లో దానిని ప్రభుత్వ కార్యక్రమమున ప్రవేశపెట్టిన తొలి నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మలమున రక్తము పడినను, కన్నులు లోతునకు పోయినను, బిడ్డ పాలు త్రాగక మందగించినను తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి కొనిపోవలెను.