రాజీనామా రాయమంటే వెంటనే సంతకం పెట్టకండి

"రేపటి నుంచి రావద్దు." "నువ్వే రాజీనామా రాసిస్తే నీకే మంచిది, లేదంటే రికార్డు పాడవుతుంది." ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా నిండని యువతీ యువకులు చాలామంది ఈ మాటలు వింటున్నారు. కొందరి విషయంలో పని నిజంగానే బాగా లేకపోయి ఉండొచ్చు. కానీ ఇంకొందరి మనసులో ఒక అనుమానం మిగిలిపోతుంది. నా పేరు చూసి తీసేశారా? గడ్డం చూసా, హిజాబ్ చూసా? కులం తెలిసిపోయిందా? పెళ్లయింది కాబట్టి రేపు ప్రసూతి సెలవు అడుగుతుందని ముందే వదిలించుకున్నారా?

అలాంటి సమయంలో కోపం, భయం రెండూ ఉంటాయి. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు. ఆ గందరగోళంలోనే చాలామంది ఎదురుగా పెట్టిన కాగితం మీద సంతకం చేసి బయటికి వచ్చేస్తారు. నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

వివక్షకు చట్టం ఏమంటోంది?

ముందు ఒక చేదు నిజం తెలుసుకోవాలి. రాజ్యాంగంలోని 15, 16 అధికరణలు మతం, కులం, లింగం, పుట్టిన ప్రాంతం ఆధారంగా వివక్ష చూపకూడదంటాయి. అయితే ఉద్యోగాల విషయంలో ఈ రక్షణ ప్రధానంగా ప్రభుత్వానికి వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీలో మతం పేరుతో వివక్ష జరిగితే నేరుగా పట్టుకునే ఒకే సమగ్ర చట్టం మన దేశంలో లేదు.

కొన్ని వర్గాలకు మాత్రం ప్రత్యేక చట్టాలున్నాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 2019లో వచ్చాయి. పని చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టం ఉంది. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ కారణంతో తొలగించడం చట్టవిరుద్ధం.

మరి మిగతావారికి దారి లేదా? ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 'అన్యాయమైన కార్మిక పద్ధతులు' అనే జాబితా ఉంది. 1947 నాటి పాత చట్టంలోనూ ఇది ఉండేది. కక్షతో తొలగించడం, స్పష్టంగా అబద్ధమైన కారణం చూపి తొలగించడం, అర్హతతో సంబంధం లేకుండా కొందరి పట్ల పక్షపాతం చూపడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అంటే "వాళ్ల మనసులో ద్వేషం ఉంది" అని నిరూపించడం కష్టమైనా, "వాళ్లు చెప్పిన కారణం అబద్ధం, పాటించాల్సిన పద్ధతి పాటించలేదు" అని చూపించడం సాధ్యమే.

తీసేయడానికీ ఒక పద్ధతి ఉంది

షాపులు, షోరూంలు, హోటళ్లు, ప్రైవేటు ఆఫీసులకు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తుంది. ఇందులో 47వ సెక్షన్ ముఖ్యమైనది. వరుసగా 6 నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తొలగించకూడదు. తొలగించాలంటే నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసైనా ఇవ్వాలి, బదులుగా నెల జీతమైనా ఇవ్వాలి. ఏడాది పూర్తయి ఉంటే ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు జీతం పరిహారంగా చెల్లించాలి. తప్పు చేశాడని ఆరోపించి నోటీసు లేకుండా పంపాలంటే విచారణ జరపాలి, ఉద్యోగి మాట వినాలి.

ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. అందుకే ఐటీలో పనిచేసేవారు తమకు ఏది వర్తిస్తుందో లాయరును అడిగి తెలుసుకోవడం మంచిది.

"నువ్వు ఎగ్జిక్యూటివ్‌వి, నీకు కార్మిక చట్టాలు వర్తించవు" అని కూడా కొందరు హెచ్‌ఆర్ వాళ్లు భయపెడతారు. హోదా పేరును బట్టి అది తేలదు. మీరు రోజూ నిజంగా చేసే పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. కింద ఒక్క మనిషి కూడా లేని 'మేనేజర్లు' మన నగరంలో వేలల్లో ఉన్నారు.

ఆ ఒక్క సంతకం ఖరీదు

ఒక ఉదాహరణ అనుకుందాం. బట్టల షోరూంలో ఒక కుర్రాడు నెలకు 16 వేల జీతంతో 14 నెలలు పనిచేశాడు. కొత్త మేనేజర్ వచ్చాక శుక్రవారం నమాజుకు వెళ్లడం మీద గొడవ మొదలైంది. ఒకరోజు పిలిచి రాజీనామా రాయమన్నారు. అదే తొలగింపు అయితే నోటీసు బదులు 16 వేలు, ఏడాది సర్వీసుకు సుమారు 8 వేలు, మొత్తం 24 వేల దాకా అడిగే హక్కు అతనికి ఉంటుంది. పనిచేసిన రోజుల జీతం వేరే. పైగా తొలగింపే తప్పని సవాలు చేయవచ్చు.

"వ్యక్తిగత కారణాలతో మానేస్తున్నాను" అని సంతకం పెడితే మాత్రం కాగితం మీద అది అతని సొంత ఇష్టం. నోటీసు జీతం అడగడానికి ఉండదు. సవాలు చేయాలంటే ముందు బలవంతంగా రాయించారని నిరూపించాలి.

అందుకే రాజీనామా అడిగితే గొడవ పడకుండా ఒక్క మాట చెప్పండి: "సార్, నేను మానేయాలనుకోవడం లేదు. మీరు తీసేయాలనుకుంటే కారణం రాసి ఇవ్వండి." ఆ కాగితం చదువుకోవడానికి టైం అడగండి. ఇప్పటికే సంతకం పెట్టేశారా? అదే రోజు, కనీసం మరుసటి రోజైనా ఈమెయిల్ పంపండి. ఎవరు పిలిచారు, ఏమన్నారు, ఎందుకు రాయాల్సి వచ్చింది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని స్పష్టంగా రాయండి. నెలల తరబడి ఊరుకుంటే ఆ తర్వాత చెప్పేది ఎవరూ అంత తేలిగ్గా నమ్మరు.

ప్రొబేషన్‌లో ఉన్నవారి రక్షణ తక్కువ. అపాయింట్‌మెంట్ లెటర్‌లోని షరతుల ప్రకారం వారిని పంపవచ్చు. కానీ దొంగతనమో, తప్పుడు ప్రవర్తనో అంటగట్టి మచ్చ వేసి పంపితే, విచారణ ఎందుకు జరపలేదని అడగవచ్చు.

ఏమేం దాచుకోవాలి?

అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ కార్డు ఫొటో. కొత్త కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం యజమాని బాధ్యత. అది ఇవ్వకపోయినా పీఎఫ్ పాస్‌బుక్ ఉంటే, ఏ నెల నుంచి ఏ నెల దాకా పనిచేశారో అదే చెబుతుంది.

వివక్ష అనుమానం ఉంటే ఒక చిన్న డైరీ మొదలుపెట్టండి. తేదీ, టైం, అన్న మాట, పక్కన ఎవరున్నారు, ఇంతే. అన్నిటికన్నా బలమైన ఆధారం పోలిక. అదే ఆలస్యానికి పక్కవాడికి మాటతో సరిపెట్టి, మీకు మెమో ఇచ్చారా? గత నెల దాకా బాగుందన్న పని, మీరు ఫిర్యాదు చేసిన వారానికే చెడిపోయిందా? మెచ్చుకున్న మెసేజ్‌లు, ఇన్సెంటివ్ వివరాలు పక్కన పెట్టుకోండి. కంపెనీ కస్టమర్ల డేటా మాత్రం కాపీ చేయకండి. అదే మీ మీద కేసు అవుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట కంపెనీకే ఈమెయిల్‌లో ఫిర్యాదు. తర్వాత కార్మిక శాఖ. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఈ శాఖ కార్యాలయాలున్నాయి. దుకాణాల చట్టం కింద తొలగింపుపై అప్పీలు చేసుకోవచ్చు. కొత్త కోడ్ కింద అయితే ముందు రాజీ అధికారికి దరఖాస్తు పెట్టాలి. 45 రోజుల్లో తేలకపోతే కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన రోజు నుంచి 2 సంవత్సరాలు దాటకూడదు. పాత చట్టంలో ఈ గడువు 3 సంవత్సరాలు ఉండేది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. తీసేసినా, మీరే మానేసినా, రావాల్సిన జీతం 2 పనిదినాల్లో చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

మన ఇళ్ల నుంచి దుబాయ్, అబుధాబి వెళ్లినవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. యూఏఈలోని 2021 కార్మిక చట్టం మతం, జాతి, రంగు, లింగం, దేశం ఆధారంగా వివక్షను ఉద్యోగంలో నిషేధించింది. ఫిర్యాదు చేసినందుకు తొలగించారని తేలితే కోర్టు 3 నెలల జీతం దాకా పరిహారం ఇప్పించవచ్చు. ఫిర్యాదు అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖకు చేయాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లలు ఉద్యోగం పోయి ఇంటికొస్తే "నువ్వేం చేశావు?" అని కాకుండా "ఏం సంతకం పెట్టించుకున్నారు?" అని ముందు అడగండి. ఆ కాగితం చేతిలో ఉంటే తీసుకుని, మరుసటి రోజే ఎవరైనా తెలిసిన లాయరుకు చూపించండి.